రెండు గేజీల మధ్య కరెంటు: గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల లెక్క

మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేనాటికి ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు చాలావరకు నిండిపోయి ఉంటాయి. కల్లాల్లో ఎండిన తేజ, 334, బాడిగ రకాల కాయ ఫిబ్రవరి నుంచే టిక్కీలకెక్కి (టిక్కీ అంటే మిర్చి బస్తా) యార్డుకు వస్తుంది. అమ్ముడుపోగా మిగిలింది చల్లటి గదుల్లోకి చేరుతుంది. అప్పటినుంచి మార్కెట్ భాషలో దాని పేరు ‘ఏసీ సరుకు’. రంగు చెడకుండా, పురుగు పట్టకుండా, ధర వచ్చేదాకా ఆ కాయను కాపాడేది అమ్మోనియా ప్లాంటు, అంటే అమ్మోనియాను కంప్రెసర్‌తో తిప్పి గదుల్లోని వేడిని బయటికి తోసే యంత్రాలు. టిక్కీకి అద్దె ఎంతో సీజన్ మొదట్లోనే ఖాయమైపోతుంది. కరెంటు బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. నడిపే ఖర్చుల్లో అదే పెద్దది.

బిల్లు పెరిగిందనగానే ముందు వినిపించే సలహా కొత్త కంప్రెసర్ కొనమని. పాత మిషన్‌లో లోపం ఉంటే ఉండొచ్చు. అయితే ఎండుమిర్చి గోదాముల్లో కరెంటు ఎక్కువగా వృథా అయ్యేది మిషన్ పాతబడినందుకు కాదు. పని బాగా తగ్గిపోయిన నెలల్లో కూడా ప్లాంటును సరుకు నింపే ఏప్రిల్ నెల తీరులోనే నడుపుతున్నందుకు. ఇది తేలాలంటే గదిలోకి వేడి ఎక్కడి నుంచి వస్తోందో ముందు లెక్క చూడాలి.

లక్ష టిక్కీలు పట్టే గోదామును తీసుకుందాం. టిక్కీకి 45 కిలోల చొప్పున సరుకు 4,500 టన్నులు. అది 35 డిగ్రీల వేడితో లోపలికి వచ్చి 7 డిగ్రీలకు దిగాలి. ఎండుమిర్చి కిలోకు ఒక డిగ్రీ తగ్గించాలంటే సుమారు 2 కిలోజౌళ్ల వేడి తీయాలనుకుంటే, మొత్తం తీయాల్సిన వేడి 70 వేల కరెంటు యూనిట్లకు (యూనిట్ అంటే 3,600 కిలోజౌళ్లు) సమానం. బాగా నడిచే అమ్మోనియా ప్లాంటు ఒక యూనిట్ కరెంటుతో నాలుగు యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది. అంటే లక్ష టిక్కీల కాయను చల్లబరచడానికి కంప్రెసర్‌కు కావాల్సింది 17,500 యూనిట్లు, అదీ సీజన్ మొత్తానికి.

ఇప్పుడు అదే గోదాములో గాలి తిప్పే ఫ్యాన్లను చూద్దాం. అన్నీ కలిపి 20 కిలోవాట్లు అనుకుందాం. ఆపకుండా తిరిగితే రోజుకు 480 యూనిట్లు. ఈ కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మారుతుంది కాబట్టి, ఆ వేడిని బయటికి తోయడానికి కంప్రెసర్ ఇంకో 120 యూనిట్లు తినాలి. రోజుకు 600, నెలకు 18,000. లక్ష టిక్కీలను చల్లబరచడానికి పట్టే కరెంటు కన్నా ఫ్యాన్లను ఒక్క నెల తిప్పడానికి పట్టేదే ఎక్కువ. సరుకు ఏడెనిమిది నెలలు లోపలే ఉంటుందని గుర్తుంచుకుంటే, డబ్బు ఎటు పోతోందో అర్థమవుతుంది.

బంగాళాదుంపల గోదాముకు ఈ లెక్క సరిపోదు. దుంపకు ప్రాణం ఉంటుంది, అది ఊపిరి తీసుకుంటూ నెలల తరబడి వేడి విడుదల చేస్తుంది. మిర్చి పది పదకొండు శాతం తేమకు ఎండిన సరుకు. ఒకసారి చల్లబడ్డాక దానినుంచి వచ్చే వేడి దాదాపు లేనట్టే. జూన్ తర్వాత ప్లాంటు పోరాడేది కాయతో కాదు. గోడలు, పైకప్పు, తలుపు, దీపాలు, ఫ్యాన్లు, వీటితోనే. ధర పడిపోయిన ఏడాది ఈ పోరాటం ఇంకా సాగుతుంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద మిర్చి క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది రైతు సరుకు తీయడానికి వెనకాడతాడు, నిలవ కాలం పెరుగుతుంది. ఆ కాలంలో వృథా అయ్యే ప్రతి యూనిట్ భారం ఇవాళ కాకపోతే రేపు అద్దె రూపంలో రైతు మీదే పడుతుంది. అందుకే ఇది గోదాము యజమాని ఒక్కడి సమస్య కాదు.

ఫ్యాన్ వేగం

ఫ్యాన్ల విషయంలో ప్రకృతి నియమం మనకు బాగా అనుకూలం. ఫ్యాన్ వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే గాలి కూడా 80 శాతానికి తగ్గుతుంది, కరెంటు మాత్రం సగానికి పడిపోతుంది. వేగం ఎంత తగ్గితే కరెంటు దాని ఘనం లెక్కన తగ్గుతుంది కాబట్టి 0.8 ని మూడుసార్లు గుణించుకుంటే 0.51 వస్తుంది. పై ఉదాహరణలో 20 కిలోవాట్లు పదికి దిగుతాయి. కంప్రెసర్ మీద తగ్గే భారం కూడా కలిపితే రోజుకు దగ్గర దగ్గర 290 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 7 రూపాయలనుకున్నా నెలకు అరవై వేలు. వేగం తగ్గించే డ్రైవ్ పెట్టే స్తోమత లేకపోతే, సరుకు చల్లబడిన తర్వాత ఫ్యాన్లలో కొన్నింటిని వంతులవారీగా ఆపడం కూడా పనిచేస్తుంది.

ఒక్క జాగ్రత్త ఉంది. టిక్కీలను గోడకు ఆనించి, పైకప్పు దాకా సందు లేకుండా పేర్చిన గదిలో ఫ్యాన్ వేగం తగ్గిస్తే గాలి అందని మూలల్లో కాయ వేడెక్కుతుంది, తేమ చేరి బూజు పడుతుంది. గోడకూ నిట్టుకూ (పేర్చిన టిక్కీల వరసకూ) మధ్య జానెడు సందైనా వదలాలి. నాలుగు మూలల్లో, పై అంతస్తులో, నిట్టు నడుమ థర్మామీటర్లు పెట్టి వారం రోజులు చూశాకే వేగం తగ్గించాలి. తలుపు పక్కన వేలాడే ఒక్క థర్మామీటర్‌ను నమ్మి ప్లాంటు నడపడం మంచిది కాదు. అది చెప్పేది తలుపు సంగతి, సరుకు సంగతి కాదు.

తలుపు దగ్గర

లోడింగ్ రోజుల్లో ఏ గోదాము దగ్గరైనా కాసేపు నిలబడితే ఒక దృశ్యం కనిపిస్తుంది. బయట ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉంటాయి. ముఠా కార్మికులు టిక్కీ వీపున వేసుకుని ఒకరి వెనక ఒకరు లోపలికి పోతుంటారు. తలుపు మూసుకోకుండా ఒక టిక్కీ అడ్డం పెట్టి ఉంటుంది. ప్లాస్టిక్ పట్టీల తెర ఉంటుంది గానీ, దాన్ని రెండు కట్టలుగా చేసి పక్కకు తాడుతో కట్టేసి ఉంటారు. కట్టకపోతే బరువు మోసేవాళ్ల ముఖానికి కొడుతుంది మరి, వాళ్లను తప్పుపట్టలేం. గుమ్మం కింది భాగంలో తెల్లటి పొగమంచు బయటికి పాకుతూ ఉంటుంది. అది చల్లగాలి బయటికి పోతున్న దారి. అంతే గాలి గుమ్మం పైభాగం నుంచి వేడిగా లోపలికి దూరుతుంది, అది కంటికి కనిపించదు.

ఎండలు తగ్గాక తలుపు తెరిచి ఉన్నా ఫర్వాలేదని చాలామంది అనుకుంటారు. అదే పొరపాటు. మే నెలలో 42 డిగ్రీల ఎండలో గాలి పొడిగా ఉంటే, ఆ గాలి కిలోను 7 డిగ్రీలకు దించడానికి తీయాల్సిన వేడి 65 కిలోజౌళ్లకు అటూఇటూ. జులైలో 32 డిగ్రీలే ఉన్నా తేమ 70 శాతం ఉంటే అదే పనికి దాదాపు 70 కిలోజౌళ్లు కావాలి. అందులో సగానికి పైగా తేమదే. ఈ ప్రాంతానికి సముద్రం దూరం కాదు, తొలకరి తర్వాత గాలి నీళ్లు మోస్తూ వస్తుంది. ఆ నీరంతా కాయిల్ (గదిలో చల్లటి అమ్మోనియా పారే గొట్టాల చుట్ట) మీద మంచుగా పేరుకుంటుంది. ఆ మంచు దుప్పటిలా కప్పుకుని, చల్లదనాన్ని గాలికి అందనివ్వదు. ఆషాఢ, శ్రావణాల్లో సరుకు దించే రోజున తలుపు ఏప్రిల్ కన్నా జాగ్రత్తగా చూసుకోవాలి. గుమ్మం ముందు చిన్న నడవ గది కట్టి రెండు తలుపులు పెట్టడం, టిక్కీలను నడవలో పోగుచేసి ఒకేసారి లోపలికి చేర్చడం, పట్టీల తెరకు బదులు గుమ్మం పైన గాలి తెర ఫ్యాను బిగించడం, వీటిలో ఏదైనా ముఠావాళ్లతో మాట్లాడి, వాళ్ల పనికి అడ్డం రాకుండా చేస్తేనే నిలుస్తుంది.

గోడల సంగతి కొంచెం చెప్పుకుంటే చాలు. పాత గోదాముల్లో వరి ఊక, తర్వాతి వాటిలో థర్మోకోల్, ఇప్పుడు పఫ్ (గట్టిపడిన నురుగు) ప్యానెళ్లు. ఏదైనా సరే పొడిగా ఉన్నంతకాలమే పనిచేస్తుంది. నీరు పఫ్ కన్నా పాతిక రెట్లు సులువుగా వేడిని దాటనిస్తుంది. గోడ బయటివైపు చెమట పట్టిన మచ్చ కనిపించిందంటే లోపల తేమ చేరిందనే. పైకప్పు రేకులకు తెల్లటి కూల్ పెయింట్ వేయడం, రేకులకూ గది సీలింగుకూ మధ్య గాలి ఆడేలా చూడడం చవకైన పనులు.

గేజీలు చెప్పే మాట

ప్లాంటు గదిలో కంప్రెసర్ దగ్గర రెండు గేజీలుంటాయి. ఒకటి సక్షన్, అంటే కాయిల్ నుంచి కంప్రెసర్‌లోకి వచ్చే అమ్మోనియా పీడనం. ఇంకోటి హెడ్ ప్రెషర్, అంటే కంప్రెసర్ నుంచి బయటికి పోయే అమ్మోనియా పీడనం. ఆపరేటర్ గంటకోసారి రెండూ చూసి లాగ్‌బుక్‌లో రాస్తాడు. బిల్లును నిర్ణయించేది ఈ రెండు అంకెల మధ్య దూరమే. బావిలోంచి నీళ్లు తోడి మేడ మీద ట్యాంకులో పోస్తున్నట్టు ఊహించుకుంటే సులువుగా అర్థమవుతుంది. బావి ఎంత లోతైతే, మేడ ఎంత ఎత్తైతే, అదే బిందెడు నీళ్లకు అంత కష్టం. సక్షన్ బావి లోతు, హెడ్ మేడ ఎత్తు.

సక్షన్ గేజీ 31 పీఎస్‌ఐ చూపిస్తే కాయిల్‌లో అమ్మోనియా మైనస్ 8 డిగ్రీల దగ్గర మరుగుతోందని అర్థం. 45 చూపిస్తే మైనస్ 1. గది 7 డిగ్రీలు ఉంటే చాలు అనుకున్నప్పుడు మైనస్ 8 దాకా దిగాల్సిన పనేముంది? హెడ్ గేజీ 211 ఉంటే అమ్మోనియా 40 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతోంది. 181 ఉంటే 35. మరిగే డిగ్రీ ఒక్కటి పెంచగలిగితే కరెంటు సుమారు 3 శాతం తగ్గుతుంది. అటువైపు ఒక డిగ్రీ దించగలిగితే 2 నుంచి 3 శాతం. సక్షన్‌ను 31 నుంచి 45కి ఎత్తి, హెడ్‌ను 211 నుంచి 181కి దించిన ప్లాంటు అదే చల్లదనాన్ని రమారమి పాతిక శాతం తక్కువ కరెంటుతో ఇస్తుంది. ఇందుకు కొత్త మిషన్ అక్కర్లేదు.

సక్షన్ ఎందుకు పడిపోతుంది? కాయిల్‌కు మంచు పట్టి ఉండొచ్చు. ఒక్క కంప్రెసర్ సరిపోయే చోట రెండు నడుస్తూ ఉండొచ్చు. కాయిల్‌కు అమ్మోనియా చాలినంత అందకపోవచ్చు. కాయిల్ అడుగున నూనె చేరి ఉండొచ్చు కూడా. అమ్మోనియాలో నూనె కరగదు, దానికన్నా బరువు, అందుకే అట్టడుక్కు దిగి గొట్టాల లోపలి గోడకు పూతలా అంటుకుంటుంది. ఆయిల్ డ్రెయిన్ ఎప్పుడు చేశారని అడిగితే తేదీ చెప్పగలిగిన ప్లాంటు బాగున్నట్టే. వీటన్నిటి కన్నా మామూలుగా కనిపించేది మాత్రం భయం. ‘ఎందుకైనా మంచిది, ఇంకో రెండు డిగ్రీలు తగ్గించు’ అనే మాట. గది 7 డిగ్రీల దగ్గర ఉంటే నిలిచే రంగు 4 డిగ్రీలకు దించితే రెట్టింపేమీ కాదు. బిల్లు మాత్రం పెరుగుతుంది.

హెడ్ ప్రెషర్ కథ కప్పు మీద కండెన్సర్ దగ్గర, అంటే వేడి అమ్మోనియాను నీళ్లతో చల్లార్చి ద్రవంగా మార్చే చోట, మొదలవుతుంది. నీళ్లు జారే గొట్టాల మీద తెల్లటి సున్నపు పెచ్చు, పచ్చటి పాచి, సగం మూసుకుపోయిన నాజిళ్లు, ఇవన్నీ హెడ్‌ను పైకి ఎత్తేవే. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉన్నచోట పెచ్చు తొందరగా కడుతుంది. కండెన్సర్ బాగుందో లేదో తేల్చడానికి మామూలు థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి, గాలి తగిలేలా పెట్టి చూస్తే చాలు. గుంటూరు వేసవిలో అది 27, 28 దగ్గర ఆగుతుంది. హెడ్ గేజీ చెప్పే డిగ్రీకీ దీనికీ తేడా పది లోపు ఉంటే కండెన్సర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పదమూడు, పద్నాలుగు దాటితే కప్పు ఎక్కాల్సిందే.

పెచ్చంతా తీసినా హెడ్ దిగకపోతే లోపల గాలి చేరిందని అనుమానించాలి. రిపేరు చేసినప్పుడు, నూనె పోసినప్పుడు, అమ్మోనియా ఎక్కించినప్పుడు గాలి దూరుతుంది. మైనస్ 40 దగ్గర పనిచేసే రొయ్యల ఫ్రీజింగ్ ప్లాంట్లలో సక్షన్ బయటి గాలి పీడనం కన్నా తక్కువగా ఉంటుంది కాబట్టి చిన్న సందు దొరికినా గాలిని లోపలికి పీల్చుకుంటాయి. మిర్చి ప్లాంటుకు ఆ బెడద లేదు, అయినా గాలి చేరుతూనే ఉంటుంది. తెలుసుకునే పద్ధతి ఇది. కంప్రెసర్ ఆపి, కండెన్సర్ మీద నీళ్లు మాత్రం పారనిస్తూ గేజీ స్థిరపడేదాకా ఆగాలి. నీళ్లు 30 డిగ్రీలుంటే గేజీ 155 దగ్గర నిలవాలి. 175 చూపిస్తే ఆ పైనున్న 20 గాలి పుణ్యమే.

ఆ గాలిని తీసేటప్పుడు పాత మెకానిక్కులు సన్నటి గొట్టం చివరను బకెట్టు నీళ్లలో ముంచుతారు. అమ్మోనియా నీళ్లలో చిటపటమంటూ కరిగిపోతుంది, గాలి మాత్రం బుడగలుగా పైకి లేస్తుంది. బుడగలు ఆగి చిటపటే మిగిలిందంటే గాలి పోయినట్టు. చూడడానికి తేలికే గానీ ముసుగు, గ్లవ్స్, పక్కనే పారే నీళ్లు, తర్ఫీదు ఉన్న మనిషి లేకుండా ఈ పనికి దిగకూడదు. అమ్మోనియా ఊపిరితిత్తులను కాల్చే వాయువు. కరెంటు ఆదా కోసం మనిషి ప్రాణం పణంగా పెట్టే పని ఏదీ చేయకూడదు.

చలికాలం ఇంకా విలువైనది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో గుంటూరులో చలి 18 డిగ్రీల దాకా దిగుతుంది. ఆ రాత్రులు హెడ్‌ను దానంతటది 25, 26 డిగ్రీల స్థాయికి పోనివ్వవచ్చు. కానీ అలవాటు కొద్దీ నీళ్ల పంపు ఆపి, ఫ్యాన్ ఆపి, హెడ్‌ను మళ్లీ 170 మీదికి తెచ్చుకునే ప్లాంట్లున్నాయి. అమ్మోనియా కాయిల్‌కు అందడానికి కొంత పీడనం తేడా అవసరమే. ఆ కనీసం ఎంతో మిషన్ తయారుచేసినవాళ్లను అడిగి రాసిపెట్టుకుని, అంతకన్నా పైన ఉంచకుండా చూసుకోవాలి.

అమ్మోనియా పాత పద్ధతి, తీసేసి కొత్త గ్యాసు యూనిట్లు పెట్టండి అనే మాట కూడా ఈ మధ్య వినబడుతోంది. వాటిలో వాడే హెచ్‌ఎఫ్‌సీ వాయువులనే దశలవారీగా తగ్గించాలని 2016లో కిగాలి ఒప్పందం కుదిరింది, 2021లో భారత్ దాన్ని ఆమోదించింది. అమ్మోనియాతో ఓజోన్‌కు చేటు లేదు, భూమి వేడెక్కదు, కిలోకు అది మోసే వేడి కూడా ఎక్కువ. ఉన్నదాన్ని బాగుచేసుకోవడమే మేలు.

సరుకే బ్యాటరీ

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న గోదాముకు బిల్లులో యూనిట్లు ఒక్కటే ఉండవు. గరిష్ఠ డిమాండ్ మీద, అంటే నెలలో ఒకేసారి లాగిన అత్యధిక లోడు మీద, చార్జీ ఉంటుంది. వాడినా వాడకపోయినా ఒప్పందం చేసుకున్న డిమాండ్‌లో 80 శాతానికి తగ్గకుండా కట్టాలి. ఎక్కువ డిమాండ్ రాయించుకుని మర్చిపోయిన గోదాము ప్రతినెలా వాడని కరెంటుకు డబ్బు కడుతుంది. సాయంత్రం పీక్ వేళల్లో యూనిట్ ధర కూడా ఎక్కువ.

ఇక్కడ మిర్చి చేసే మేలు ఒకటుంది. 4,500 టన్నుల సరుకు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 2,500 యూనిట్ల వేడి లోపలికి రావాలి. గదుల్లోకి గంటకు 100 యూనిట్ల వేడి చేరుతోందనుకుంటే, సాయంత్రం 6 నుంచి 10 దాకా ప్లాంటు పూర్తిగా ఆపినా చేరేది 400 యూనిట్లు. కాయ వేడెక్కేది డిగ్రీలో ఆరో వంతు. గదిలో గాలి అంతకన్నా కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, తలుపులు మూసి ఉంటే సరుకుకు నష్టం లేదు. కప్పు మీద సోలార్ ఉన్నవాళ్లు పగలు కొంచెం ఎక్కువ చల్లబరిచి, సాయంత్రం ఆపుకోవచ్చు. విడిగా బ్యాటరీ కొనక్కర్లేదు. పాల డెయిరీలు ఐస్ బ్యాంకు ట్యాంకుల్లో రాత్రి మంచు కట్టించి, పాలు వచ్చే వేళకు వాడుకోవడం వెనక ఉన్నదీ ఈ ఉపాయమే. డెయిరీలకు ఇంకో సౌకర్యం కూడా ఉంది, కంప్రెసర్ నుంచి వచ్చే వేడి వాయువుతో బాయిలర్ నీళ్లు ముందుగా కాచుకోవచ్చు. మిర్చి గోదాముకు వేడి నీళ్ల అవసరం లేదు, ఆ ఖర్చు పెట్టడం దండగ.

ఇవన్నీ చేయాల్సింది ఆపరేటర్. అతనికి కరెంటు బిల్లు చూపించే ఆనవాయితీ మాత్రం లేదు. గది వేడెక్కితే తిట్లు పడతాయి, సక్షన్ అతిగా దిగితే ఎవరూ ఏమీ అనరు. అలాంటప్పుడు ఏ మనిషైనా ‘ఇంకో రెండు డిగ్రీలు’ వైపే మొగ్గుతాడు. షిఫ్టు చివర్లో ఒకేసారి నింపేసిన లాగ్‌బుక్ పేజీని చూస్తే అంకెలన్నీ ఒకేలా ఉంటాయి, 180, 180, 180. ఆ పుస్తకాన్ని ఎవరూ చదవరని అతనికి తెలుసు. కంప్రెసర్లకు, ఫ్యాన్లకు, పంపులకు విడివిడిగా మీటర్లు పెట్టి, నెలకోసారి బిల్లు పక్కన లాగ్‌బుక్ పెట్టుకుని యజమానీ ఆపరేటరూ కలిసి ఒక గంట కూర్చుంటే, మొదటి రెండు నెలల్లోనే మార్పు తెలుస్తుంది. తగ్గిన దాంట్లో అతనికి కొంత వాటా ఇవ్వడం న్యాయం.

అక్టోబరు దాటాక గోదాములు ఖాళీ అవడం మొదలవుతుంది. నాలుగు గదుల్లో ఒక్కోదానిలో పావువంతు సరుకు మిగిలి, నాలుగూ చల్లగా నడుస్తుంటాయి. గోడలు, తలుపులు, ఫ్యాన్లు లోపలికి పంపే వేడి సరుకు తగ్గిందని తగ్గదు. మిగిలినదంతా ఒక గదిలోకి చేరిస్తే మూడు గదులు ఆపేయొచ్చు, కానీ మార్చడానికి టిక్కీకి కూలి కట్టాలి. ఎవరి లాట్ ఎక్కడుందో రసీదుల్లో తిరగరాయాలి. మార్చే కూలి ఒక్కసారి పెట్టేది, ఆ మూడు గదుల ఫ్యాన్లు, కాయిళ్లు తినేది నెలనెలా పెట్టేది. రెండూ పక్కపక్కన రాసుకుంటే ఎన్ని నెలలు మిగిలి ఉంటే మార్చడం లాభమో తేలిపోతుంది. అసలు ఈ కూలి లేకుండానే చాలావరకు పని జరిగే దారి ఉంది. మార్చిలో టిక్కీలు ఎక్కించేటప్పుడే ధర కోసం ఆగుతానన్న రైతు సరుకును, ఏడాది నిలవకు పెట్టే వ్యాపారి సరుకును ఒక గదికి, యార్డు తెరవగానే తీసేస్తామన్న సరుకును ఇంకో గదికి వేయడం. రసీదు రాసే గుమస్తా ‘ఎప్పుడు తీస్తారు?’ అని ఒక్క ప్రశ్న అడిగి, ఆ జవాబును బట్టి గది నంబరు వేస్తే సరిపోతుంది.